నడుం మీద కట్టు

"కదలకు. ఎముకలోంచి మూలుగ తీశారంటే మాటలా?" అంటూ భార్య అతని వీపు వెనక ఇంకో దిండు దూర్చింది.

అతను కదల్లేదు. కదిలితే నొప్పి నటించాలి. నిన్న సాయంత్రం నుంచి నటించీ నటించీ మొహం కండరాలు లాగేస్తున్నాయి.

నడుం మీది కట్టు తనే వేసుకున్నాడు. మందుల షాపులో దూదీ ప్లాస్టరూ కొని, బస్టాండు మరుగుదొడ్డిలో, తడుముకుంటూ. దాని కింద చర్మం మీద చిన్న గీత కూడా లేదు.

ఆఫీసులో మూలుగ దాతల కోసం శిబిరం పెట్టినప్పుడు అందరికంటే ముందు వెళ్లి, చెంప లోపల దూది పుల్ల తిప్పించుకున్నది అతనే. ఎవరో ముక్కూమొహం తెలియని రోగికి అతని మూలుగ సరిపోతుందని కబురొచ్చిన రోజు, మేనేజరు అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు చాలా రోజులు అతని చెవుల్లోనే ఉన్నాయి. బస్సులో నిలబడి కూడా, 'నేనెవరో ఈ జనానికి తెలియదు' అనుకునేవాడు.

నిన్న పొద్దున అన్న స్కూటర్ మీద ఆస్పత్రి దగ్గర దింపాడు. లోపల నర్సు వెనక ముడులేసే గౌను చేతికిచ్చి, ఏదో మామూలు మాటలా అంది: "ఆ పేషెంటు సొంత మూలుగంతా మందులతో చంపేశారండీ. ఇంక మీదే ఆధారం." తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

సూదికి అతను భయపడలేదు. ఆ మాటకి భయపడ్డాడు. ఎవరో మనిషి తన ప్రాణాన్ని మూటగట్టి తెచ్చి, అతని ఒళ్లో పెట్టి, ఎదురుగా కూర్చున్నట్టనిపించింది. నేనంతటివాణ్ని కాదండీ అని ఎవరికైనా చెబుదామంటే గదిలో ఎవరూ లేరు. వెనక మెట్లు దిగి, దొరికిన బస్సెక్కేశాడు. దుప్పటి సంచి అన్న స్కూటర్‌కే ఉండిపోయిందని బస్సులో గుర్తొచ్చింది. ఫోన్ ఆపేశాడు.

వెళ్లేముందు గౌను మాత్రం నీటుగా మడతపెట్టాడు. పారిపోవడం కంటే ఆ మడతలు తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గేస్తోంది.

ఆ మనిషి ఈపాటికి... ఆ వాక్యం పూర్తి చేయలేకపోతున్నాడు. పొద్దున్నుంచీ ఆస్పత్రి నంబరు నొక్కడం, అవతల మోగకముందే కట్ చేయడం.

"ఇదిగో, పెద్దాడొచ్చాడు" అంది అమ్మ.

అన్న పై వాటాలో ఉంటాడు. సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసే కొట్టు అతనిది. మెట్లు దిగి వచ్చేసరికే ఆయాసపడుతున్నాడు.

"కూర్చోండి బావగారూ, టీ తెస్తాను."

"వద్దమ్మా, నిలబడే తాగుతా. నిన్న సోఫా ఎత్తబోతే నడుం పట్టేసింది."

అమ్మ పకపకా నవ్వింది. "బాగుందిరా! తమ్ముడేమో ఎవరి ప్రాణమో నిలబెట్టి మంచమెక్కాడు. నువ్వేమో సోఫా ఎత్తి వంకరపోయావు. టీకా వేయించుకోరా అంటే మంచం కింద దూరిన ఘనుడివి మరి!"

"ఇప్పుడా పురాణం ఎందుకే?"

"ఇంతకీ ఆ గడ్డం ఎందుకు గీకేశావు? అదుందని ఇన్నేళ్లూ నా మానాన నేను నిశ్చింతగా ఉన్నాను. పైగా చెంపొకటి కోసుకున్నావు."

"ఎండలకి ఒకటే దురద."

అన్న తెచ్చిన సంచిని మంచం కోడుకి తగిలించాడు. "నీ దుప్పటి. మర్చిపోయావు" అని, గోడకి ఆనుకున్నాడు. అతను తలెత్తలేదు. నిన్నటి నుంచీ ఎవరి మొహమూ చూడలేకపోతున్నాడు.

ఫోన్ మోగింది. ఆస్పత్రి నంబరు.

అతను అందుకునేలోపే భార్య లాక్కుంది. "స్పీకర్‌లో పెడతా. మా ఆయన్ని పొగుడుతుంటే నేను వినొద్దూ?"

"ఇటివ్వు" అన్నాడు.

"నొప్పెలా ఉందండీ?" నర్సు గొంతు గదంతా నిండింది.

చెప్పేయాలి. వీళ్లందరి ముందే చెప్పేయాలి. "నేను... నిన్న నేను..."

"మొహమాటపడకండి, నొప్పి ఉంటుంది. మీరిచ్చింది సాయంత్రానికే ఎక్కించేశారు. ఒంటికి పట్టిందో లేదో తెలియడానికి కొన్నాళ్లు పడుతుంది కానీ, ఇప్పటికైతే ఆ పేషెంటు బాగానే ఉన్నారట."

భార్య కళ్లు తుడుచుకుంది. అతనికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. బతికే ఉన్నారు అన్న ఒక్క ముక్క అర్థమైంది.

"మా వార్డులో ఇవాళంతా మీ కబుర్లే. సూది చూసి కళ్లు తిరిగి పడిపోయారా, లేచి మళ్లీ చెయ్యి చాపారు చూడండీ! అలాంటివాళ్లని నేను చూళ్లేదు."

"వీడా?" అంది అమ్మ. "వీడికి సూదంటే లెక్కే లేదే!"

"అన్నట్టు, గౌను ఇచ్చాక కాసేపు కనబడక మా పై ప్రాణాలు పైనే పోయాయి. గడ్డం గీసుకోడానికి వెళ్లానన్నారు. ఆ చెంప మీద తెగిన గాటు మానిందా?"

అతని చెయ్యి తన చెంప మీదికి పోయింది. నున్నగా ఉంది.

గోడకి ఆనుకుని నిలబడ్డ అన్న, ఒకే కాన్పులో అతనికంటే కాస్త ముందు పుట్టిన అన్న, అచ్చం అతనిదే అయిన మొహం మీది గాటును అరచేత్తో కప్పుకున్నాడు.