తవుడికిచ్చిన విమానం

"భుషీ, దాదా! ఖుషీ కాదు, భుషీ!" అని తవిటయ్య మూడోసారి అరిచాడు.

"ఖుషీ! నేనూ చాలా ఖుషీ!" అంటూ మృత్యుంజయబాబు మూడోసారీ అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

ఇలా లాభం లేదని తవిటయ్య సంచిలోంచి పొట్లం తీసి విప్పి చూపించాడు. బెంగాలీలో భుషీ అంటే తవుడు. ఆ తవుడు తన చేటలో పోసి, బదులుగా తన బొమ్మ విమానం పుచ్చుకోమని అతని బేరం. కలకత్తా మైదానంలో ఏటా జరిగే ఆ విమానాల మేళాలో ఇంజనిచ్చి రెక్కలు పుచ్చుకున్నవాళ్లున్నారు, రెక్కలిచ్చి చక్రాలు పుచ్చుకున్నవాళ్లున్నారు. ఇంజనూ, రెక్కలూ, చక్రాలూ అన్నీ ఉన్నదాన్ని తవుడికిచ్చినవాడు మాత్రం ఇంతవరకూ లేడు. బేరం చెడకముందే మృత్యుంజయబాబు గబగబా తవుడు పోసేశాడు. మేళా సెక్రటరీ అరుంధతి మారకాల పుస్తకంలో ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది.

అరగంట తర్వాత తవిటయ్య చేట దులుపుకుని వచ్చాడు.

"సరే దాదా, ఇంక ఇలా ఇచ్చేయండి."

"ఏమిటి?"

"నా విమానం."

"నీ విమానమా? నా విమానం!"

అంతే. విమానం కాస్తా అవమానమైపోయింది.

తవిటయ్య వాట్‌గంజ్ రేవులో వడ్రంగి. టీ పెట్టెల పల్చటి చెక్కతో మూడేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని విమానాలు చేస్తే, చివరికి వాటి రెక్కలే ముక్కలయ్యాయి. మొదటిది షాలిమార్ దగ్గర గంగలో మునిగింది. రెండోది ట్రాము తీగకి తగిలి మాడింది. ఇది మూడోది. ఎగరేసే పోటీ నాలుగింటికి. అప్పటికే మూడున్నర.

"చొల్బే నా!" అని పిడికిలి ఎత్తాడు. చెల్లదంటే చెల్లదని. ఎర్రజెండా సర్కారు వచ్చిన ఈ పదేళ్లలో యూనియన్ ఊరేగింపుల్లో అరిచి అరిచి పదునెక్కిన గొంతు అది. ఆ కేకకి పక్క బల్ల మీది కాగితం విమానం ఒకటి దానంతటదే లేచింది.

"చొల్బే! బ్రహ్మాండంగా చొల్బే!" అని మృత్యుంజయబాబు శాలువా సవరించుకున్నాడు. "మారకానికొచ్చి మారాం చేస్తావా? సంతకం పెట్టావా, లేదా?"

"పెట్టాను! పెడితే మాత్రం? ఉంచేసుకుంటారా? పెద్దమనుషులు చేసే పనేనా ఇది?"

"మారిన వస్తువు మళ్లీ తిరిగివ్వరు. బోర్డు చూడు!" అని అరుంధతి వేలు చూపించింది. ఆవిడకీ ఒళ్లు మండిపోతోంది. తొమ్మిదేళ్లుగా ఒక్క తగువు లేకుండా నడిపిన మేళా మరి.

తవిటయ్య వెనక్కి తిరిగాడు. అతని తల్లి మహాలక్ష్మమ్మ గోనెపట్టా మీద కూచుని మృత్యుంజయబాబునే చూస్తోంది.

"నువ్వైనా సెప్పవేటమ్మా!"

"ఊరుకోరా అయ్యా. ఇచ్చీసినావు గదా."

"ఏటి? ఇచ్చీసినానా?"

"ఆ బాబు దాన్ని ఎలగెత్తుకున్నాడో సూడు. శాలువాతో తుడిసీసి, ముక్కుకి నూనె రాసీసి... ఒకపాలి సేతుల్లోకొచ్చీసాక ఎలగిచ్చీగలడ్రా?"

"నువ్వు నాకమ్మవా, ఆయనకమ్మవా?"

ఆ మాటకి మహాలక్ష్మమ్మ తల దించుకుంది.

అరుంధతి తవిటయ్యకీ మృత్యుంజయబాబుకీ మధ్యకి వచ్చింది. "ఇంతకీ ఆ తవుడెందుకయ్యా నీకు? ఇంట్లో ఆవుందా?"

చుట్టూ మూగినవాళ్లు గొల్లుమన్నారు. తవిటయ్య తెల్లబోయాడు. తవుడెందుకో తెలియకుండానే తవుడు పోసేసే మనుషులు లోకంలో ఉంటారని అతనికి అంతవరకూ తట్టనే లేదు. వాట్‌గంజ్‌లో వాళ్ల సందులో ఎవరికీ విడమరిచి చెప్పే పని పడలేదు.

"ఆవేమిటి దీదీ! అది మా సిక్కోలువాళ్ల పద్ధతి. కడుపున పుట్టినవాళ్లు వరసగా పోతుంటే, తర్వాతి బిడ్డని పక్కింటివాళ్లకి ఇచ్చేసి చేటలో తవుడు పోయించుకుంటాం. ఈ బిడ్డ మాది కాదు, మీదేనని. చావు దారి తప్పి వెళ్లిపోతుంది. దీపాలవేళకి బిడ్డని మళ్లీ తెచ్చేసుకుంటాం. రెండు విమానాలు పోయాయి. మూడోదైనా బతకాలని, మృత్యుంజయ అని పేరున్న మనిషిని ఏరికోరి మరీ ఇచ్చాను. ఉంచేసుకోమని కాదు!"

ఇంత చెప్పినా అతని కోపం దిగలేదు.

"నాకు ముందు ముగ్గురు పోయారట. మా అమ్మ నన్నూ అలాగే పక్కింటావిడకి ఇచ్చింది. అందుకే నేను తవిటయ్యనయ్యాను. ఆ పక్కింటావిడ నన్ను ఉంచేసుకుందా? మర్యాదగా ఇచ్చేయలేదూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అరుంధతి పుస్తకం తెరిచి, ఆ రెండు సంతకాల మీద అడ్డంగా గీత కొట్టింది. మృత్యుంజయబాబు విమానాన్ని ఇంకొక్కసారి గుండెకి ఆనించుకుని, రెండు చేతులతో తవిటయ్యకి అందించాడు. మహాలక్ష్మమ్మ విమానం వైపు చూడలేదు. ఖాళీ అయిన ఆ చేతులవైపే చూస్తోంది.

"క్షమించండి మాశీమా," అంటూ ఆయన ఆవిడ ముందు వంగాడు. "అరగంట ఎత్తుకున్న చెక్కనే వదల్లేకపోయాను. ఆ పక్కింటావిడ పసిబిడ్డని ఎలా ఇచ్చేసిందో?"

మహాలక్ష్మమ్మ గోనెపట్టా మీంచి మెల్లగా లేచి నిలబడింది.

"ఆ పక్కింటిదాన్ని నానే, బాబూ."