ఏడో సలహా

“ఏడో సలహా తీసేయమంటున్నారు,” అన్నాడు సలహాదారు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

భార్య తలెత్తలేదు. మంచం అంచున కూర్చుని అత్తగారికి చెంచాతో పాలు పడుతోంది. ఆ పెద్దావిడకు మతిమరుపు జబ్బు. ఒక్క క్షణం కన్ను మరల్చితే తలుపు తీసుకుని వీధిన పడుతుంది.

“ఎవరు?”

“ఆర్థికశాఖ వాళ్లు.”

దేశంలో ఉత్పాదకత ఎందుకు పెరగడం లేదో చెప్పమని ప్రభుత్వం అడిగింది. యంత్రాలు, శిక్షణ, రోడ్లు అంటూ అతను రాసిన మొదటి ఆరు సలహాలూ అందరికీ నచ్చాయి. ఏడోదే మింగుడుపడలేదు. ముసలివాళ్లను పగటిపూట చూసుకునే కేంద్రాలు పెడితే, వాళ్లకోసం ఇంటిపట్టున ఉండిపోయిన చదువుకున్నవాళ్లంతా మళ్లీ పనిలోకి వస్తారన్నది అందులోని మాట. మొదటి కేంద్రం తమ వీధి చివరే పెట్టవచ్చని తెలిసి, భార్య వెళ్లి ఆ ఖాళీ భవనాన్ని ఆశగా చూసి కూడా వచ్చింది.

“ఖర్చెక్కువంటారు, అంతేగా? తిరిగొచ్చినవాళ్లు కట్టే పన్నుల సంగతి చెప్పలేకపోయావా?”

చెప్పానన్నాడు, వాళ్లు పట్టుబట్టారన్నాడు. నిజానికి ఎవరూ పట్టుబట్టలేదు. వాళ్లొక మాటన్నారు, ఇతను తలూపి వచ్చాడు.

“నువ్వు గట్టిగా అడిగితే ఉంచరా?”

ఉంచుతారని అతనికి తెలుసు. “వచ్చే ఏడాది చూద్దాంలే. ఇల్లు బాగానే గడుస్తోందిగా,” అని మాట దాటేశాడు.

ఆమె అత్తగారి మూతి తుడిచింది.

“గడుస్తోంది. నాకు మాత్రం పనిలోకి వెళ్లాలని ఉంది. చాలా ఉంది.”

అతని మనసు చివుక్కుమంది. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. ఇవాళ ఎవరేమనుకున్నా సరే, ఏడోది ఉంచి తీరాలనుకున్నాడు. ఆ గట్టి నిర్ణయంతోనే ఆఫీసు మెట్లెక్కాడు.

తను ఇప్పుడు కూర్చుంటున్న ముఖ్య సలహాదారు గదిలో అడుగు పెట్టగానే సహాయకురాలు కాగితాలతో వెనకే వచ్చింది. నివేదిక ఇంకా అచ్చుకు వెళ్లలేదట. ఆర్థికశాఖ వాళ్లు కూడా ఫోన్ చేసి, నిర్ణయం మీదేనన్నారట.

“ఏడోది ఉంచమంటారా సార్?”

ఉంచమనడానికే నోరు తెరిచాడు. అలవాటుగా కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఊరంతా కనిపించే గది అది. బయట వసారాలో అతనికి నమస్కారం పెట్టడానికి నలుగురు కాచుకుని ఉన్నారు.

“వద్దు, తీసేయండి,” అన్నాడు.

భార్య సెలవు ముగించుకుని తిరిగొచ్చేదాకానే ఆ కుర్చీ అతనిది.