గులాబీ రంగు బంతి

తెల్లారితే తుంటి మార్పిడి ఆపరేషన్. పేషెంటుగారికి మాత్రం ఇంకా నమ్మకం కుదరడం లేదు.

“మత్తు నడుము కిందికే ఇవ్వండి. మీరు ఏ కీలు డబ్బా విప్పుతారో నా కళ్లతో నేను చూసుకోవాలి” అన్నాడు, చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని. “డబ్బా మీద స్టిక్కరు నాకు చూపించాకే ఫైలుకి అంటించండి.”

డాక్టరు నవ్వేశాడు. ఇద్దరిదీ పాత పరిచయమే. ఈ మనిషి ఇలా గుచ్చి గుచ్చి అడగడం మాత్రం కొత్త.

“అరిగిపోయిన తొడ ఎముక తల తీసేస్తాం. దాని బదులు ఇది” అంటూ సొరుగులోంచి నమూనా బంతి తీసి బల్ల మీద పెట్టాడు. అద్దంలా మెరిసే లోహపు బంతి, నిమ్మకాయంత ఉంటుంది.

పేషెంటు దాన్ని ముట్టుకోలేదు. కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

“ఇది వద్దు. సిరామిక్‌ది పెట్టండి. గులాబీ రంగులో ఉంటుందే, అది.”

“అది పింగాణీ జాతి. నూటికో కోటికో ఒకటి పగలొచ్చు. కొందరికి నడుస్తుంటే కీచుమంటుంది కూడా.”

“అననివ్వండి. మా ఇంట్లో తలుపులు అనడం లేదా?”

పక్కనే ఉన్న భార్య తల పట్టుకుంది. “ఈయనకి వారం నుంచి ఇదే గోలండీ. తను పడుకోరు, నన్ను పడుకోనివ్వరు. బజార్లో పుచ్చు వంకాయనైనా ఇన్నిసార్లు తిప్పి చూడరు.”

“నువ్వు ఊరుకో. అది పోయేది నీ ఒంట్లోకి కాదు.”

ఈయన చెవిలో ఎవరో ఏదో ఊదారని డాక్టరుకి అనిపించింది. పక్క ఆసుపత్రి వాళ్లేమో. చిరాకు పోయి అనుమానం పట్టుకుంది.

“ఏళ్ల తరబడి అందరికీ ఇదే పెడుతున్నాను. హాయిగా మెట్లెక్కుతున్నారు. ఇందులో లోపం ఏమైనా ఉంటే చెప్పండి.”

“లోపమని నేనన్నానా? లోహం కదా, రాపిడికి పొడి రాలి రక్తంలో కలుస్తుందేమోనని...”

“ఎవరు చెప్పారు మీకు?”

పేషెంటు కిటికీ వైపు చూశాడు. “అందరి సంగతి నాకెందుకండీ? రేపు లేచి నడవాల్సింది నేను. నాకు మాత్రం అది వద్దు.”

డాక్టరు బంతిని చేతిలోకి తీసుకున్నాడు. ఎన్నోసార్లు పట్టుకున్నదే, ఇవాళ ఎందుకో బరువుగా ఉంది.

“మా అమ్మకి కూడా ఇదే పెట్టాను” అన్నాడు మెల్లగా.

పేషెంటు చటుక్కున ఇటు తిరిగాడు.

“రెండు వైపులానా?”

డాక్టరు బంతిని ఠక్కున బల్ల మీద పెట్టేశాడు. ఒళ్లు మండింది, అంతకు మించి భయం వేసింది.

ఎందుకంటే, ఒకప్పుడు ఇదే గదిలో ఈ బంతిని తన అరచేతిలో పెట్టి, “మీ అమ్మగారికైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు సార్” అని నమ్మబలికింది, ఆ బంతుల కంపెనీ తరఫున వచ్చిన ఈ పెద్దమనిషే.