మందుల పట్టికకు పెళ్లి అక్షరాలు

"మందుల పట్టికకి శుభలేఖ అక్షరాలా? నా వల్ల కాదు మేడమ్," అంటూ డిజైనర్ మౌస్ వదిలేశాడు.

"మీ వల్లే అవుతుంది. గోడ మీద ఆ శుభలేఖ ఉందే, అందులో ఉన్న రకమే కావాలి," అందామె కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని.

అతనికి అక్షరాలంటే ప్రాణం. కాస్త చాదస్తం కూడా. "ఆ మెలికల అక్షరాలు శుభలేఖకి బాగుంటాయి, సన్మానపత్రానికి బాగుంటాయి, అత్తరు సీసాకైతే ఇంకా బాగుంటాయి. చూసి మురిసిపోవడానికండీ అవి, చూసి మందులు మింగడానికి కాదు. ఇంతకీ ఎవరికి?"

"మా మావయ్యగారికి. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడరు, గది దాటి రారు. వారం నుంచి మాత్రలు కూడా మానేశారు. ఇలాగే ఉంటే ప్రాణం మీదికొస్తుందంటున్నారు డాక్టరుగారు. లావుపాటి అక్షరాలతో రాసి గోడకి అంటించాం. కన్నెత్తి చూస్తే ఒట్టు."

"మరి ఇవి మాత్రం చదవగలరా?"

"చదవకపోయినా ఫరవాలేదు. ఆ వత్తుకి తోక ఇంకొంచెం సాగదీయండి."

డిజైనర్ బుర్ర గోక్కున్నాడు. చదవక్కర్లేని పట్టిక గోడకెందుకో అతనికి అంతుపట్టలేదు. తోక మాత్రం సాగదీశాడు.

"ఈ అక్షరాలు గీసిన మహానుభావుడు చూశాడంటే నన్ను తన్నడానికొస్తాడు."

"రానివ్వండి," అని నవ్వి, కాగితం చుట్టుకుని వెళ్లిపోయిందామె.

మూడోరోజు మధ్యాహ్నం షాపు తలుపు ధడాలున తెరుచుకుంది. మాసిన గడ్డం, కాళ్లకి రెండు రకాల చెప్పులు, చేతిలో ఆ పట్టిక. బక్కపలచని పెద్దాయనొకడు గుమ్మంలో ఊగిపోతున్నాడు. వెనకాలే రొప్పుతూ ఆమె.

"ఏ ప్రబుద్ధుడయ్యా ఇది చేసింది?"

డిజైనర్ బిక్కచచ్చిపోయి లేచి నిలబడ్డాడు.

"ఈ వత్తు తోక చూడు! కింది వరుసలో ఒకటి అంకె మీద పడి, అది కాస్తా ఏడైంది. ఏడు మాత్రలు మింగి చావమంటావా? సొగసు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియనక్కర్లేదూ? లావు పెన్ను ఇటివ్వు!"

కాగితం వెనక్కి తిప్పి, బల్ల మీదికి వంగి, ఏ మెలికా లేని గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటే రాయసాగాడు. "మధ్యాహ్నం... తెల్ల మాత్ర... ఒకటి. ఇదీ, ఇలా ఉండాలి!"

ఆమె చప్పుడు చెయ్యకుండా తెల్ల మాత్ర ఒకటి, నీళ్ల సీసా అందించింది. రాస్తున్న ధ్యాసలోనే ఆయన గుటుక్కున మింగేసి, రెండో వరుస మొదలుపెట్టాడు.

డిజైనర్ నోరెళ్లబెట్టాడు. ఆమె దగ్గరికి జరిగి, "మూడు నెలలు నోరు విప్పని మనిషికి ఒక్క తోక చూస్తే ఇంత కోపమేంటండీ?" అని గొణిగాడు.

ఆమె గోడ మీది శుభలేఖ వైపు చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"ఆ అక్షరాలు గీసింది ఆయనే."