ఫారినోడు

“తాతా, పల్లీలు మాడుతున్నయ్!”

జాన్సన్ కేకకు హన్మయ్య ఉలిక్కిపడి కడాయి దించాడు. మూలబల్ల దగ్గర బీరు తాగుతున్న పీరప్ప పగలబడి నవ్వాడు.

“ఏం హన్మయ్యా, ఫారినోడు గూడ నిన్ను తాత అంటుండు గదా!”

“తెల్లగడ్డం కనబడితె అందరు అట్లనే అంటరు తియ్,” అన్నాడు హన్మయ్య, పల్లీలు పళ్లెంలో పోస్తూ.

బీదర్‌లో ఇంజినీరింగ్ కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న ఆ బారులో హన్మయ్య పన్నెండేళ్లుగా వంటమనిషి. జాన్సన్ చేరి ఆరు నెలలు. ఎదురు కాలేజీలోనే రెండో ఏడు చదువుతున్నాడు. నల్లగా, పొడుగ్గా, బిగుతు ఉంగరాల జుట్టుతో ఉంటాడు. ఆ కాలేజీకి ఆఫ్రికా నుంచి పిల్లలు రావడం పాతికేళ్లుగా మామూలే. అందుకే వాడిది ఏ దేశమని ఎవరూ అడగలేదు. ‘ఫారిన్ పిలగాడు, పనికి పెట్టుకో సేటూ’ అని హన్మయ్యే సిఫారసు చేశాడు.

యజమాని భీమ్‌రావ్ ఎగిరి గంతేశాడు. ఫారిన్ వాడు గ్లాసు అందిస్తే కాలేజీ కుర్రాళ్లు ఎగబడతారని అతని లెక్క. ఎగబడ్డారు కూడా. వాడితో ఫోటోలు దిగారు. జుట్టు పట్టి లాగి చూశారు. పక్కనే నిలబెట్టుకుని తెలుగులో, ఉర్దూలో నోటికొచ్చిన పేర్లు పెట్టారు. వాడికి అర్థం కాదనుకున్నారు. చదువుకునే పిల్లల సంస్కారం అది! వాడికి ప్రతి మాటా అర్థమయ్యేది. నవ్వి ఊరుకునేవాడు.

“తెలుగు ఎంత మంచిగ నేర్సినవ్ రా!” అన్నాడు పీరప్ప పళ్లెం అందుకుంటూ. “ఎక్కడ నేర్సినవ్?”

“ఇంట్ల నేర్సిన మామా.”

“ఇల్లంటె రూమేమో వీనికి!” అని పీరప్ప మళ్లీ నవ్వాడు.

“మాటలు సాలు. ఉల్లిగడ్డలు కొయ్యి పో,” అని హన్మయ్య వాడిని లోపలికి తరిమాడు.

పీరప్పది హన్మయ్య సొంతూరు దుబల్గుండి. అప్పుడప్పుడు పని మీద బీదర్ వచ్చి ఇక్కడ తేలతాడు. అతని చెవిన పడిన మాట సాయంత్రానికల్లా ఊళ్లో ఇంటింటికీ చేరుతుంది. అతను వచ్చిన రోజు హన్మయ్య ఆచితూచి మాట్లాడతాడు.

“మీ అంబిక ఇంక దవాఖానలనే చేస్తుందా?”

“చేస్తాంది.”

“పిల్లకు పెండ్లి చెయ్యకపోతివి. ఊర్ల ఇప్పటికీ అడుగుతరు.”

“దానికి ఇష్టం లేదాయె.”

“ఏమన్న గానీ, ఒంటిగున్న ఆడిపిల్లను పెట్టుకోని గూడ ఒక్క మాట రానియ్యకుండ బతికినవ్. మన కులంల అందరు నీ పేరే చెప్తరు, తెలుసునా?”

హన్మయ్య ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఆ మాట కోసం ఎంతకాలంగా ఆకలిగొని ఉన్నాడో ఆ ముఖమే చెప్పింది.

పన్నెండున్నరకు జాన్సన్ చేతులు కడుక్కుని సంచి తీసుకున్నాడు. “తాతా, రెండు గంటలకు ఆఖరి పరీక్ష. కొంచెం ముందుగాల పోత.”

“తిని పో,” అన్నాడు హన్మయ్య, తలెత్తకుండానే.

వాడు కంచం ముందు కూర్చున్నాడో లేదో కానిస్టేబుల్ సిద్దయ్య గుమ్మంలోకి వచ్చాడు.

“బారుల ఫారిన్ పిలగాడు పనిజేస్తుండని అర్జీ వచ్చింది. వీడేనా?”

భీమ్‌రావ్ చటుక్కున లేచాడు. “నాకేం తెల్వదు సార్. వంటాయన చెప్తె పెట్టుకున్న.” ఆరు నెలలుగా వాడిని చూపించి బేరం చేసుకున్న మనిషి అరక్షణంలో చేతులు దులుపుకున్నాడు.

“పాస్‌పోర్టు తియ్,” అన్నాడు సిద్దయ్య.

జాన్సన్ కంచం పక్కకు జరిపి లేచి నిలబడ్డాడు. “లేదు సార్.”

“వీసా?”

“లేదు సార్.”

“రెండూ లేకుండ ఈ దేశానికి ఎట్లొచ్చినవ్ రా?”

వాడు తల దించుకుని కంచం వైపు చూశాడు.

“ఏదన్న కార్డు సుత లేదా?”

జాన్సన్ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. ఏదో కార్డు సగం బయటికి వచ్చింది. అంతలో వాడు హన్మయ్య వైపు చూశాడు. మూలబల్ల దగ్గర పీరప్ప మెడ చాచి మరీ చూస్తున్నాడు. హన్మయ్య కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపాడు. కార్డు మళ్లీ జేబులోకి జారింది.

“సార్, పరీక్ష రాసి నేనే స్టేషన్‌కు వస్త. ఇది తప్పితే ఏడాది పోతది.”

సిద్దయ్యకు కాస్త జాలి కలిగినట్టుంది.

“ఈ ఊర్ల నీవాళ్లు ఎవ్వలన్న ఉన్నరా? ఒక్కలు ముందుకొచ్చి వీడు ఫలానా అని చెప్తె ఇక్కడ్నే ఇడిసిపెడత.”

సిద్దయ్య హన్మయ్య వైపు తిరిగాడు.

“ఏం పెద్దాయనా, పనికి పెట్టిపిచ్చినవ్ గదా. వీడెవడో నీకు తెలుసునా?”

హన్మయ్య గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. పీరప్ప వైపు ఒకసారి, పొయ్యి వైపు ఒకసారి చూశాడు.

“నాకేం తెల్వదు సార్. ఫారినోడంటె పెట్టిపిచ్చిన.”

జాన్సన్ సంచి భుజాన వేసుకున్నాడు. “పోతున్న తాతా,” అన్నాడు. హన్మయ్య వెనక్కి తిరగలేదు. సిద్దయ్య వాడిని జీపెక్కించుకుని వెళ్లిపోయాడు.

“పాపం, దేశంగాని దేశంల ఎవ్వలు లేనోడాయె,” అని పీరప్ప నిట్టూర్చి, ఇంకో సీసా తెమ్మన్నాడు.

హన్మయ్య పొయ్యి ఆర్పి పెరట్లోకి వెళ్లాడు. ఫోను నొక్కాడు. మూడోసారికి కలిసింది. అవతల కూతురు అంబిక పలికింది. ఆయన గోడకు చేరగిలబడ్డాడు.

“బిడ్డా, నీ కొడుకును పోలీసులు తీస్కపోయిన్రు.”