దివ్య రాసే రిపోర్టు

సూర్యాపేటలోని ఆ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచి తెరిచేది తొమ్మిదిన్నరకు. జగదీశ్ తొమ్మిదికే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో కొత్త నోటుబుక్కు.

అటెండరు సైదయ్య షట్టరు ఎత్తుతూ అతన్ని ఎగాదిగా చూశాడు.

"రెండు నెలల ముచ్చటే కద సారూ. గింత తిప్పలెందుకు?"

"ఆ రెండు నెలలే ముఖ్యం సైదయ్యా."

నిజంగానే ముఖ్యం. సూర్యాపేటలో తను, కోదాడలో పవన్, మిర్యాలగూడలో వంశీ. ముగ్గురిలో ఇద్దరినే ఉంచుకుంటామని హైదరాబాద్ హెడ్డాఫీసు చెప్పేసింది. ఎవరెలా పనిచేస్తున్నారో రెండు నెలలు మూడు బ్రాంచీలూ తిరిగి చూసి రిపోర్టు రాసేది దివ్య. జగదీశ్ ముందుజాగ్రత్తగా వేరే కంపెనీలకు దరఖాస్తులు పంపాడు. ఒక్కరూ పిలవలేదు.

దారి చూపించింది ఇంట్లో మనీషా. ఆమె నిరుడు హైదరాబాద్‌లో ఒక బ్యాంకులో ఇంటర్న్‌గా చేరి, ఆరు నెలలు తిరక్కుండానే అక్కడే ఉద్యోగం సంపాదించింది.

"టైం కంటె ముందే పోవాలె. ఫోన్ బయటికి తియ్యొద్దు. తెల్వంది తెల్వదనే చెప్పు, అడిగి రాసుకో. తప్పయితే ఒప్పుకో. వాళ్లు సూసేది తెలివి కాదు, నేర్చుకునే గుణం."

జగదీశ్ అవన్నీ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాడు.

దివ్య లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. కాసేపు తటపటాయించి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, ఎక్సెల్‌ల మొత్తం దానంతటదే ఎట్ల వస్తదో జర చూపిస్తరా?"

అడుగుతుంటే చెవులు వేడెక్కాయి. దివ్య ఓపిగ్గా చూపించింది. మూడోసారికి వచ్చింది.

"జల్దీనే పట్టుకున్నరు," అంది. ఆ మాట సాయంత్రం దాకా అతని చెవిలో మోగుతూనే ఉంది.

మరో వారం ఇద్దరూ మోతె దగ్గర తండాకు వెళ్లారు. గౌరీబాయి గేదెల కోసం లోను అడిగింది. జగదీశ్ ఆమె వేసిన కుర్చీ దివ్యకు జరిపి, తను మంచం అంచున కూర్చున్నాడు.

"ఏమ్మా, పాలు ఎన్ని పోస్తున్నవ్? దాణా రేటు ఎట్లుంది?"

ఆమె చెప్పినంతసేపూ మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. గౌరీబాయి అతన్ని వింతగా చూసింది. దివ్య ఏదో రాసుకుంది.

రెండో నెలలో గండం వచ్చింది. మోతె రైతు ఒకాయన పేరు లోన్ల జాబితాలో రెండుసార్లు పడింది. దివ్య వేలు పెట్టి చూపించింది. కంప్యూటర్ తప్పు అనే మాట జగదీశ్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తప్పు నాదే మేడమ్. ఇప్పుడే సరిచేస్త."

దివ్య ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. మళ్లీ ఏదో రాసుకుంది. మంచో చెడో తెలియక జగదీశ్‌కు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆఖరి రోజు రానే వచ్చింది. దివ్య అతని ఎదురుగా కూర్చుంది.

"రిపోర్టు పంపిన. నేర్చుకోవాలన్న తపన ఉన్న మనిషి, ఉంచుకుంటె కంపెనీకే లాభమని మీ గురించి రాసిన. హెడ్డాఫీసు ఒప్పుకుంది."

కూతురు మనీషాకు చెప్పాలని జగదీశ్ ఫోన్ తియ్యబోయి ఆగాడు. దివ్యను అడిగాడు.

"మరి పవన్?"

"ఆయనకు అడుగుడు రాదు. అన్నీ తెలుసంటడు," అని దివ్య సంచిలోంచి ఒక కాగితం తీసి, కాస్త మొహమాటంగా బల్ల మీద పెట్టింది.

జగదీశ్ కళ్లు తుడుచుకుని, కోదాడ కాలేజీలో ఎంబీఏ చదువుతున్న దివ్య, మూడు బ్రాంచీల మేనేజర్ల పనితీరు మీద హెడ్డాఫీసు ఇచ్చిన ప్రాజెక్టుతో, రెండు నెలల ఇంటర్న్‌షిప్ సంతృప్తికరంగా పూర్తి చేసిందని రాసి ఉన్న ఆ కాగితం కింద, ఇరవై రెండేళ్లుగా పెడుతున్న బ్రాంచి మేనేజరు సంతకం పెట్టాడు.