టర్కీ ఫోటోలు

టర్కీ నుంచి వచ్చిన రోజే, తల మీది టోపీ తీయకుండా, అమ్మకు ఫోన్‌లో ఫోటోలు చూపించాను. ఇస్తాంబుల్ నీలి మసీదు, ఎఫెసస్ రాతి స్తంభాలు, కప్పడోకియా కొండల మీద ఎగిరే బెలూన్లు.

అన్నీ నెట్‌లోంచి తీసినవే. నేను ఇస్తాంబుల్ వెళ్లింది బట్టతల మీద జుట్టు నాటించుకోవడానికి. ఆసుపత్రి తప్ప అక్కడ ఇంకేమీ చూడలేదు.

"నువ్వు సేమంగా తిరిగొస్తే నీ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నా నాయనా. శుక్రవారం కొండకు పోదాం" అంది అమ్మ.

"సెలవు లేదుమా" అన్నాను. మూడు వారాలు ఏదో ఒక సాకు చెబుతూనే వచ్చాను.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గుండుకు గంధం పూసుకుని, చేతిలో లడ్డుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"మొక్కింది నా జుట్టు కదమ్మా! నువ్వెందుకిచ్చినావు?"

అమ్మ లడ్డు తుంచి నా నోట్లో పెట్టింది. "వచ్చిన దినమే నువ్వు పండుకున్నప్పుడు టోపీ జారిపోయింది. తలంతా పుండు పుండుగా, నారు నాటినట్ల ఎంట్రుకలు గుచ్చి ఉండాయి. అంత నొప్పి ఓర్చుకుని పెట్టించుకున్నదాన్ని ఎట్ల తీసేయమందును?"

నేను తల దించుకున్నాను.

"ఆ బెలూన్ల ఫోటో నా ఫోన్‌లోకి పంపీ నాయనా" అంది. "పక్కింటోళ్లు అడగతా ఉండారు. నువ్వు దాంట్లో ఎక్కినావని నేనే చెప్తా."